పళ్లు లేని కింది దవడకు ఇంప్రెషన్: ట్రే లేచిపోతుంటే తప్పు వాష్‌లో వెతక్కండి

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. అసలు పళ్లే లేని పేషెంట్లకు కట్టుడు పళ్ల సెట్టు కోసం తీసే పై దవడ ఇంప్రెషన్ (అచ్చు) బాగానే కుదురుతోంది. కింద మాత్రం ఫైనల్ ఇంప్రెషన్ గట్టిపడ్డాక పేషెంట్ నాలుక కదిపితే చాలు, అచ్చు మెటీరియల్‌ను మోసే ట్రే లేచి వస్తోంది. జింక్ ఆక్సైడ్ యూజెనాల్ పేస్ట్ మానేసి లైట్ బాడీ (పలచటి) సిలికాన్ పెట్టినా అదే తంతు. ఇంతకీ కింది దవడకు ఏ మెటీరియల్ మంచిది?

ఏదైనా మంచిదే. ట్రే లేవడానికీ వాష్ మెటీరియల్‌కూ సంబంధం చాలా తక్కువ. వాష్ అంటే చివర్న వేసే పలచటి పూత. చిగురు మీది సన్నటి గీతల్ని పట్టుకోవడం వరకే దాని పని. అంచు పొడుగైతే అది కురచ చెయ్యదు, కురచైతే పొడిగించదు. సిలికాన్‌కు మారాక మీకు ఒరిగిందల్లా అదే తప్పు ఇంకాస్త నునుపుగా కనబడటమే. చూడాల్సింది ట్రే అంచుని. అందులోనూ నాలుక వైపు అంచుని.

కింద ఎందుకింత కష్టమో జాగా లెక్కలోనే తెలుస్తుంది. పై దవడలో సెట్టు కూర్చునే వైశాల్యం సగటున 23 చదరపు సెంటీమీటర్లు ఉంటే, కింద 12 దగ్గర ఆగిపోతుంది. పైన అంగిలి వెడల్పుగా ఉంటుంది, వెనకంచు మెత్తటి అంగిలి మీద మూసుకుంటే గాలి చొరబడదు. కింద ఉన్నది సన్నటి గుర్రపు నాడా. దానికి లోపల నాలుక, నాలుక కింది కండరాలు. బయట పెదవి, బుగ్గ. నోరు తెరిచినా మింగినా అంచు కింద నేల కదులుతూనే ఉంటుంది. పైన చెల్లిపోయే 2 మిల్లీమీటర్ల పొరపాటు కింద చెల్లదు.

ట్రే ఎత్తే ముందు

పాత సెట్టు పెట్టుకుని వచ్చిన పేషెంట్‌కు అదే విజిట్‌లో ఫైనల్ ఇంప్రెషన్ తీయకండి. సెట్టు తీసేసి కనీసం 24 గంటలు చిగురుకు విశ్రాంతి ఇవ్వాలి. లేకపోతే నలిగి అణిగిన చిగురుకే అచ్చు వస్తుంది, కొత్త సెట్టు ఆ నలుగుడుకే సరిపోతుంది. చిగురు ఎర్రగా వాచి ఉంటే పాత సెట్టులో టిష్యూ కండిషనర్ (మెత్తటి తాత్కాలిక పూత) వేసి, మూడు నాలుగు రోజులకోసారి మారుస్తూ, రంగు మామూలుకొచ్చేదాకా ఆగాలి. సెట్టు ఆనినంత మేరా ఎర్రటి పొర కనబడితే ఫంగస్ ఉందేమో చూసి, దానికి మందు ఇచ్చి, పాత సెట్టును శుభ్రం చేయించాకే ఇంప్రెషన్ సంగతి.

కళ్లతో చూసి వదిలెయ్యకుండా వేలితో తడమండి. రిడ్జ్ (పళ్లు పోయాక మిగిలిన దవడ గట్టు) మీద నొక్కితే పక్కకు ఒరిగే మెత్తటి చిగురు ఎక్కడుంది, మైలోహయాయిడ్ (నోటి అడుగు కండరం అతికే) గట్టు కత్తిలా తగులుతోందా, మెంటల్ ఫోరామెన్ (నరం బయటికొచ్చే రంధ్రం) దగ్గర నొక్కితే పేషెంట్ ఉలిక్కిపడుతున్నారా, ఇవి కార్డులో రాసుకోవాలి. స్పేసర్ (ట్రేకూ చిగురుకూ మధ్య సందు కోసం వేసే మైనం) ఎక్కడ వేయాలో తేల్చేది ఈ తడమటమే. ఈ వివరం లేకుండా ల్యాబ్‌కు పంపితే వాళ్లు ఒకే మందం మైనం అంతటా పరిచి ఇస్తారు. అందులో వాళ్ల తప్పేం లేదు.

ప్రైమరీలో రానిది తర్వాత రాదు

కింద ప్రైమరీ (మొదటి) ఇంప్రెషన్‌లో రెండు వైపులా రిట్రోమోలార్ ప్యాడ్ (రిడ్జ్ వెనక కొసన ఉండే మెత్తటి దిండు), బక్కల్ షెల్ఫ్ (బుగ్గ వైపు చదునైన ఎముక) పూర్తి వెడల్పు, నాలుక వైపు వెనక మూలనున్న రిట్రోమైలోహయాయిడ్ గుంట కచ్చితంగా పడాలి. వీటిలో ఒకటి రాకపోతే స్పెషల్ ట్రే (ఈ అచ్చును బట్టి ఆ పేషెంట్ కోసమే చేయించేది) అక్కడ కురచగా తయారవుతుంది. తర్వాత గ్రీన్ స్టిక్ (వేడికి మెత్తబడే, అంచులకు వేసే కడ్డీ)తో 5 మిల్లీమీటర్లు పొడిగిద్దామని చూస్తే ఆధారం లేక అది వంగిపోతుంది.

స్టాక్ ట్రే (రెడీమేడ్‌ది) ఎంచుకునేటప్పుడు ముందువైపు చూసి సరిపోయిందనుకోవడం మామూలే. ట్రే వెనక భాగం ప్యాడ్ల మీద ఆనించి, ముందు భాగం కాస్త పైకెత్తి, రెండు పక్కలా సమానంగా 5 మిల్లీమీటర్ల సందు ఉందో లేదో చూడండి. ప్యాడ్ దాకా చేరకపోతే ఆల్జినేట్‌కైతే (నీళ్లతో కలిపే అచ్చు మెటీరియల్) మైనంతో వెనక్కి పొడిగించాలి. నాలుక వైపు రెక్క పొడుగ్గా ఉండి నోటి అడుగును కిందికి తొక్కేస్తుంటే వంచండి, లేదా ఇంకో ట్రే తీసుకోండి.

కాంపౌండా (వేడికి మెత్తబడే మెటీరియల్), ఆల్జినేటా అనే వాదన ఎప్పుడూ ఉంటుంది. అరిగిపోయిన కింది రిడ్జ్‌కు కాంపౌండ్ మేలు. ముడుచుకొచ్చే బుగ్గనీ నాలుకనీ అది పక్కకు నెట్టి తన జాగా తాను చేసుకుంటుంది. ఒక మూల రాకపోతే ఆ మూల మటుకు వేడిచేసి మళ్లీ కూర్చోబెట్టొచ్చు. ఆల్జినేట్‌కు ఆ సౌకర్యం లేదు, కురచైతే మొదటికొస్తుంది. రిడ్జ్ మెత్తగా ఊగుతున్నా, అండర్‌కట్లు (లోపలికి వంగిన చోట్లు) లోతుగా ఉన్నా మాత్రం ఆల్జినేటే. కాంపౌండ్ సహజంగా అంచుల్ని సాగదీస్తుందన్నది మరవద్దు. కాస్ట్ (అచ్చులో పోసిన దవడ నమూనా) మీద కనిపించే లోతంతా నిజమైన లోతు కాదు.

కాంపౌండ్ బాగా రాకపోవడానికి సగం కారణం నీళ్ల దగ్గరే ఉంటుంది. 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లు చాలు. అడుగున గాజుగుడ్డ పరిస్తే గిన్నెకు అంటుకోదు. కాంపౌండ్‌లోకి వేడి చాలా నిదానంగా పాకుతుంది. పైన మెత్తగా ఉన్నా లోపల గట్టిగానే ఉండొచ్చు, అందుకని వేళ్లతో అంచుల్ని లోపలికి మడుస్తూ చపాతీ పిండిలా పిసికి ఒకే మెత్తదనం తేవాలి. అలాగని నీళ్లలో వదిలేస్తే లోపలి మెత్తబరిచే పదార్థం కారిపోయి రవ్వరవ్వగా తయారవుతుంది. తాడులా పేని ట్రేలో గుర్రపు నాడాగా పరిచి, బొటనవేలితో మధ్యలో కాలువ చేసి, పైపూత మెరిసేలా మంట మీద ఒక్కసారి తిప్పి, వెంటనే వేడినీళ్లలో ముంచి నోట్లో పెట్టాలి. మంట మీంచి నేరుగా నోట్లోకి పోతే కాలుతుంది.

ట్రే పెట్టేటప్పుడు పేషెంట్‌ను నాలుక పైకెత్తమనండి. బుగ్గను వేలితో బయటికి లాగి, ట్రే కూర్చోబెట్టాక నాలుక ముందుకు చాపమనండి. బుగ్గ లాగకపోతే బక్కల్ షెల్ఫ్ మీద బుగ్గ మడత ఇరుక్కుంటుంది, కాంపౌండ్ మీద ఆ చోట లోతైన ముడత కనిపిస్తుంది. బయటికి తీసే ముందు చన్నీళ్లతో బాగా చల్లార్చాలి. సగం చల్లారిన కాంపౌండ్ తీస్తే తీయడంలోనే వంగుతుంది, ఆ వంపు కంటికి ఆనదు. కాంపౌండ్ గట్టిగా ఉంది కదా అని రేపటికి వాయిదా వేయకుండా గంటలోపు కాస్ట్ పోయాలి. ఆల్జినేట్‌కైతే ఆ గంట కూడా లేదు. నీరు వదిలి కుంచించుకుపోతుంది, నీళ్లలో వేస్తే పీల్చి ఉబ్బుతుంది. కడిగి, డిస్ఇన్‌ఫెక్ట్ చేసి, పది పదిహేను నిమిషాల్లో పోసెయ్యండి.

ఆల్జినేట్ వాడితే ఒక కిటుకు. ట్రే పెట్టే ముందు వేలితో కొంచెం మెటీరియల్ తీసుకుని నాలుక వైపు వెనక గుంటల్లో, బక్కల్ షెల్ఫ్ మీద పూయండి. గాలి ఇరుక్కునేది ఎక్కువగా అక్కడే.

స్పెషల్ ట్రే

కాస్ట్ మీద పెన్సిల్‌తో రెండు గీతలు గీసి పంపండి: సల్కస్ (చిగురు పక్కనుండే మడత) అడుగున ఒకటి, దానికి 2 మిల్లీమీటర్లు పైన ట్రే అంచు ఆగాల్సింది ఇంకొకటి. ఆ 2 మిల్లీమీటర్లే గ్రీన్ స్టిక్‌కు జాగా. పై ట్రే వెనకంచుకు ఈ తగ్గింపు వర్తించదు, అది వైబ్రేటింగ్ లైన్ ('ఆ' అన్నప్పుడు అంగిలి కదలిక మొదలయ్యే గీత) దాకా ఉండాలి. కింద ప్యాడ్‌ను కూడా ట్రే కప్పాలి.

స్పేసర్ ఒక మందం మైనం. కింద రిడ్జ్ శిఖరం మీద, నాలుక వైపు వాలు మీద వేసి, బక్కల్ షెల్ఫ్‌నూ ప్యాడ్లనూ ఖాళీగా వదలండి. బక్కల్ షెల్ఫ్ గట్టి కార్టికల్ ఎముక, నమిలే బలానికి దాదాపు లంబంగా ఉంటుంది, బరువు మోయాల్సింది అదే. సన్నబడిన రిడ్జ్ శిఖరం మోయలేదు. పైన ఇన్సిసివ్ పాపిల్లా (ముందు పళ్ల వెనక చిగురు బొడిపె) మీద, అంగిలి నడిమి గీత మీద మైనం ఉండాలి, వెనక సీల్ (గాలి చొరబడకుండా మూసుకునే అంచు) ప్రాంతంలో ఉండకూడదు. స్పేసర్‌లో మూడు నాలుగు చోట్ల కోసిన చిన్న కిటికీలే టిష్యూ స్టాప్‌లు. అవి లేకపోతే ట్రే ప్రతిసారీ వేరే లోతులో కూర్చుంటుంది.

ట్రే మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు. సెల్ఫ్ క్యూర్ అక్రిలిక్ అయితే తయారైన మర్నాడు వాడాలి, మొదటి గంటల్లో అది కొంత కుంచించుకుంటుంది. హ్యాండిల్ ముందు పళ్లు ఉండాల్సిన చోటులోనే నిటారుగా లేవాలి. బయటికి ఒరిగితే పెదవి దాని మీద ఆనుతుంది, పెదవి వైపు అంచు మొత్తం అబద్ధం అవుతుంది. కింది ట్రేకు రెండో ప్రీమోలార్ దగ్గర రెండు పక్కలా వేలు ఆనించే దిమ్మలు పెట్టించుకోండి. అవి లేని ట్రేను పట్టుకునే వేళ్లు అంచు మీదే పడతాయి, బార్డర్ మౌల్డింగ్‌లో (గ్రీన్ స్టిక్‌తో అంచు మలచడంలో) మీ వేళ్ల అచ్చు కూడా కలుస్తుంది.

ఖాళీ ట్రేతో పరీక్ష: మీ సమస్య ఇక్కడే ఉంది

గ్రీన్ స్టిక్ వెలిగించకముందే ట్రేను ఒట్టిగా నోట్లో పెట్టి కదలికలు చేయించాలి. చాలామంది దాటేసే మెట్టు ఇది. పొడుగు ట్రే మీద గ్రీన్ స్టిక్ వేస్తే అంచు ఇంకా పొడుగవుతుంది. కండరం దాన్ని నెట్టినప్పుడు మెత్తటి గ్రీన్ స్టిక్ జరుగుతుంది కానీ లోపలున్న అక్రిలిక్ జరగదు కదా.

రెండు దిమ్మల మీద వేళ్లు తేలిగ్గా ఆనించండి, నొక్కకండి. నొక్కితే ట్రే లేస్తున్న సంగతే తెలియదు. నాలుక కొనతో పై పెదవి తాకమనండి. ముందు భాగం లేస్తే నాలుక ఫ్రీనం (నాలుక కింది తీగ) దగ్గర గాడి చాలలేదు, లేదా ముందు లింగ్వల్ (నాలుక వైపు) అంచు పొడుగుంది. నాలుకను ఎడమ బుగ్గకు తాకించమనండి, కుడివైపు ట్రే లేస్తే కుడి మైలోహయాయిడ్ ప్రాంతంలో రెక్క పొడుగు. కుడి బుగ్గకు తాకిస్తే ఎడమ సంగతి తెలుస్తుంది. నాలుక బాగా బయటికి చాపితే ట్రే వెనక నుంచి ముందుకు జరిగిందంటే వెనక మూల, రిట్రోమైలోహయాయిడ్ భాగం నాలుకకు తగులుతోంది. నోరు పెద్దగా తెరిచినప్పుడు వెనక లేస్తే ప్యాడ్ దాటి ట్రే వెనక్కి పోయింది, లేదా బయటి వెనక మూల మాసెటర్ (నమిలే) కండరానికి తగులుతోంది. బుగ్గనూ పెదవినీ చేత్తో మెల్లగా బయటికి, పైకి లాగి చూస్తే మిగతా అంచు తేలుతుంది.

దొరికిన చోట అర మిల్లీమీటరు చొప్పున బర్‌తో తగ్గించి మళ్లీ అదే కదలిక చేయించండి. ఒకేసారి 3 మిల్లీమీటర్లు కోసేస్తే కురచైపోతుంది, అప్పుడు సీల్ పోతుంది. కురచ అంచు ట్రే లేవదు కాబట్టి బాగున్నట్టే అనిపిస్తుంది. తయారైన సెట్టు మాత్రం నోట్లో ఊరికే కదులుతూ ఉంటుంది. పొడుగు తప్పు వెంటనే పట్టిస్తుంది, కురచ తప్పు డెలివరీ రోజుదాకా దాక్కుంటుంది. అందుకే కురచ విషయంలోనే ఎక్కువ భయపడాలి.

బార్డర్ మౌల్డింగ్

ట్రే పొడిగా ఉండాలి, తడి మీద గ్రీన్ స్టిక్ అంటదు. కడ్డీని స్పిరిట్ దీపం మీద తిప్పుతూ మెత్తబరిచి, అంచు వెంట 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం తాడులా వేయండి. సన్నటి మంట మళ్లీ చూపించి, 50 డిగ్రీల పైచిలుకు నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి నోట్లో పెట్టాలి. పెట్టగానే కదలిక మొదలుపెట్టాలి. పది సెకన్లు ఆలస్యమైతే అది వినదు.

వరస నా దృష్టిలో ఇలా ఉంటే సుఖం: ముందు పెదవి వైపు, తర్వాత రెండు బుగ్గల వైపులు, వెనక బయటి మూలలు, చివరికి నాలుక వైపు. పెదవిని బయటికి, పైకి, లోపలికి నడిపించండి. బుగ్గను బయటికి, పైకి, లోపలికి నడిపి, ఫ్రీనం దగ్గర ముందుకూ వెనక్కూ జరపండి. వెనక బయటి మూలకు, మీరు దిమ్మల మీద కిందికి నొక్కి పట్టుకుని పేషెంట్‌ను గట్టిగా నోరు మూయమనండి. మాసెటర్ ఉబికి అక్కడ ఒక నొక్కు పడుతుంది. ఆ నొక్కు లేకుండా గుండ్రంగా తిరిగిపోయిన మూల కనబడితే కదలిక జరగలేదన్న మాటే.

నాలుక వైపు మూడు ముక్కలుగా చేయాలి. ముందు భాగానికి రెండు కదలికలు కావాలి. నాలుక బయటికి చాపితే అంచు లోతు తేలుతుంది. నాలుక కొనను అంగిలి ముందు భాగానికి గట్టిగా నొక్కితే అంచు మందం తేలుతుంది. రెండోది మరిచిపోతే అంచు పలచగా వచ్చి నాలుక అడుగున సీల్ దొరకదు. నడిమి భాగంలో మైలోహయాయిడ్ కండరం పని చేస్తుంది కాబట్టి మింగమని, నాలుక అటూ ఇటూ బుగ్గలకు తాకించమని అడగాలి. ఇక్కడ అంచు ఎముక వెంట నిలువుగా దిగకుండా నాలుక వైపు ఒరగాలి. వెనక భాగం మళ్లీ బయటికి, దవడ ఎముక వైపు తిరుగుతుంది. పైనుంచి చూస్తే ఈ మొత్తం సాగదీసిన ఎస్ ఆకారంలో కనిపిస్తుంది. ఒరుగుడూ, తిరుగుడూ రెండూ లేకుండా లింగ్వల్ అంచు తిన్నని గోడలా దిగిందంటే అది నాలుక గీసిన గీత కాదు, ల్యాబ్‌లో గీసిన గీత. ట్రే లేచేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే ఉంటాయి.

ప్రతి ముక్క అయ్యాక చన్నీళ్లలో ముంచి వెలుతురులో తిప్పి చూడండి. చిగురుకు ఆనిన గ్రీన్ స్టిక్ మసక తేలి, గుండ్రంగా, నునుపుగా ఉంటుంది. ఇంకా మెరుస్తోందంటే అక్కడ దేనికీ తగల్లేదు, మెటీరియల్ చాలలేదు. ముడతలు కనబడితే నోట్లోకి వెళ్లేసరికే చల్లారిపోయింది. కత్తి అంచులా సన్నగా సాగితే ఆధారం లేదు. గ్రీన్ స్టిక్ పక్కకు తొలగి లోపలి అక్రిలిక్ తెల్లగానో గులాబీ రంగులోనో బయటపడితే ట్రే అక్కడ పొడుగుంది. గ్రీన్ స్టిక్ గీకేసి, ట్రే ఒక మిల్లీమీటరు తగ్గించి, మళ్లీ వేయాలి. అక్రిలిక్ కనబడ్డ చోట పైన ఇంకాస్త గ్రీన్ స్టిక్ పూసి సర్దుకుపోవడం ఈ మొత్తం పనిలో పెద్ద ఆత్మవంచన. లోపలికి పొంగిన గ్రీన్ స్టిక్‌ను ప్రతిసారీ స్కాల్‌పెల్‌తో కోసెయ్యండి, లేకపోతే తర్వాతి ముక్కకు ట్రే పూర్తిగా కూర్చోదు.

అంతా అయ్యాక పేషెంట్ నాలుక కొన కింది పెదవి దాటినా ట్రే కదలకూడదు. హ్యాండిల్ పట్టి పైకి లాగితే కొద్దిగా బిగువు తెలియాలి. పై దవడలో వచ్చే చప్పుడుతో ఊడే పట్టు కింద ఆశించకండి. అంచులు తిన్నగా ఉండి ట్రే స్థిరంగా ఉంటే చాలు. ఈ పరీక్షలో నెగ్గని ట్రేకు వాష్ వేయొద్దు.

పై దవడ మీకు బాగానే వస్తోందన్నారు కాబట్టి రెండే మాటలు. వెనక బుగ్గ వైపు, ట్యూబరాసిటీ (పై దవడ వెనక గుబ్బ) బయటి జాగాకు, నోరు పెద్దగా తెరిచి దవడ అటూ ఇటూ జరపమనాలి. కరోనాయిడ్ (కింది దవడ ఎముక పై కొమ్ము) ముందుకొచ్చి అక్కడి మందాన్ని అదే చెక్కుతుంది. వెనక సీల్‌కు హామ్యులర్ నాచ్‌లను (ట్యూబరాసిటీ వెనక నొక్కులను) బర్నిషర్ పరికరంతో వెతికి పట్టుకుని, పేషెంట్‌ను పొట్టిగా 'ఆ' అనమని, కదలిక మొదలయ్యే గీతను ఇండెలిబుల్ పెన్సిల్‌తో గుర్తుపెట్టి ట్రే మీదికి దించుకోవాలి.

వాష్

స్పేసర్ మైనం తీసెయ్యండి. ఇది చెప్పనక్కర్లేదు అనిపిస్తుంది గానీ మరిచిపోయేవాళ్లు ఉన్నారు. లోపలి వైపు గ్రీన్ స్టిక్‌ను పైపైన కొంచెం గీకి పేస్ట్‌కు సందు ఇవ్వండి. పై ట్రేకు అంగిలి నడుమ, కింది ట్రేకు రిడ్జ్ శిఖరం వెంట సెంటీమీటరుకు అటూ ఇటుగా దూరంలో చిన్న రంధ్రాలు వేస్తే అదనపు మెటీరియల్ బయటికి పోతుంది, ఒత్తిడి పేరుకోదు.

జింక్ ఆక్సైడ్ పేస్ట్ అయితే రెండు ట్యూబుల నుంచి సమానమైన పొడవు తీసి, రంగు చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా ముప్పావు నిమిషం నుంచి నిమిషం కలపాలి. తేమా వేడీ దాన్ని తొందరపెడతాయి. ఉక్కపోత రోజున చల్లటి గాజు పలక మీద కలిపితే కాస్త సమయం దొరుకుతుంది, కానీ పలక మీద తడి పట్టకూడదు. పెదవులకూ చుట్టూ చర్మానికీ ముందే వాసలీన్ రాయండి, లేకపోతే తుడవడం పెద్ద పని. ఎండిన నోటికి, యూజెనాల్ పడనివారికి ఇది వద్దు, మంట పుడుతుంది, చిగురుకు అంటుకుపోతుంది. అక్కడ లైట్ బాడీ సిలికాన్ సరైనది. అండర్‌కట్ ఉన్నా సిలికానే. జింక్ ఆక్సైడ్ పేస్ట్ గట్టిపడ్డాక సాగదు, అండర్‌కట్ దాటేటప్పుడు విరుగుతుంది. సిలికాన్ వాడేటప్పుడు లేటెక్స్ గ్లవ్స్‌తో ముట్టుకోవద్దు, అందులోని గంధకం సిలికాన్‌ను గట్టిపడనివ్వదు. ట్రే అంటుమందు కూడా పూర్తిగా ఆరాకే సిలికాన్ నింపాలి.

పరిమాణం విషయంలో పొదుపు పాటించండి. లోపలంతా పలచటి పూత, అంచు దాటి బయటికి ఓ 2 మిల్లీమీటర్లు, అంతే. ట్రే నింపితే అది పూర్తిగా కూర్చోదు, అంచులు మందమై మీరు కష్టపడి తెచ్చిన బార్డర్ అంతా పూడిపోతుంది. కూర్చోబెట్టేటప్పుడు రెండు పక్కలా మార్చి మార్చి మెల్లగా కదుపుతూ దించి, ఆపైన నొక్కకుండా కదలకుండా పట్టుకోండి. బార్డర్ మౌల్డింగ్‌లో చేసిన కదలికలన్నీ మెత్తగా ఉన్నప్పుడే మరోసారి చేయించాలి. గట్టిపడటం మొదలయ్యాక నాలుక కదిపితే పొరలు పొరలుగా గీతలు పడతాయి.

తీశాక చూడాల్సినవి. వాష్‌లోంచి ట్రే బయటపడిందా? చిన్న చుక్కగా ఒకచోటైతే ఒత్తిడి చోటు. అక్కడ ట్రేను తగ్గించి వాష్ మళ్లీ వేయాలి, దానిమీద ఏదో పూసి సరిపెట్టడానికి లేదు. ఒక పక్క అంతా పలచగా, ఇంకో పక్క మందంగా ఉంటే ట్రే నడి గీత తప్పి కూర్చుంది. అంచు మీద పుట్టిన చిన్న గాలిబుడగ ఒకటీ అరా మైనంతో పూడ్చొచ్చు. కానీ వెనక సీల్ మీదో, రిట్రోమోలార్ ప్యాడ్ మీదో బుడగ ఉంటే తిరిగి తీయాల్సిందే. రవ్వరవ్వగా గరుకుగా ఉంటే లాలాజలం కలిసింది. గాజుగుడ్డతో చిగురు తుడవకుండా ట్రే పెట్టినప్పుడు ఇలాగే వస్తుంది.

మామూలు పద్ధతి పనిచెయ్యని చోట్లు

రిడ్జ్ మెత్తగా ఊగుతుంటే, ముఖ్యంగా పైన ముందు భాగంలో, ట్రేకు అక్కడ కిటికీ కోసి తయారు చేయించండి. మిగతా గట్టి భాగమంతా జింక్ ఆక్సైడ్ పేస్ట్‌తో తీసి, కిటికీలోకి పొంగింది కత్తిరించి, ట్రే మళ్లీ కూర్చోబెట్టి, కిటికీలోంచి కనిపించే మెత్తటి చిగురు మీద ఇంప్రెషన్ ప్లాస్టర్ గానీ లైట్ బాడీ గానీ బ్రష్‌తో, సిరంజితో నొక్కకుండా వేయాలి. అది ఉన్నచోటే ఉండగా పడిన అచ్చు కావాలి మనకు. నొక్కి తీస్తే ఆ చిగురు స్ప్రింగులా సెట్టును తోసేస్తుంది.

కింది రిడ్జ్ పూర్తిగా చదునైపోయి, చిగురు ముడతలు పడి రిడ్జ్ మీదికి మడుస్తుంటే, మెకార్డ్, టైసన్ అనే దంతవైద్యులు చెప్పిన మిశ్రమం చక్కగా పనిచేస్తుంది: బరువు లెక్కన 3 పాళ్లు ఎర్ర ఇంప్రెషన్ కాంపౌండ్, 7 పాళ్లు గ్రీన్ స్టిక్. 60 డిగ్రీల నీళ్లలో రెండూ కలిపి, ఒక రంగు వచ్చేదాకా పిసికి, స్పెషల్ ట్రేలో వేసి కూర్చోబెట్టి నాలుక కదలికలు చేయించాలి. ఒట్టి కాంపౌండ్ కంటే ఇది ఎక్కువసేపు మెత్తగా ఉంటుంది, వాష్ పేస్ట్‌లా కాకుండా ముడతల్ని పక్కకు సర్దుతుంది. చల్లారాక మళ్లీ నోట్లో పెట్టి దిమ్మల మీద నొక్కండి. ఎక్కడ నొప్పంటే అక్కడ గీకి సరిచెయ్యాలి. తయారయ్యే సెట్టు కింద కలిగే నొప్పిని ముందే అడిగి తెలుసుకోవడమిది.

వాంతి వచ్చేలా డోకుకునే పేషెంట్‌కు కుర్చీ నిటారుగా, తల కాస్త ముందుకు వంచి, కింది ఇంప్రెషన్ ముందు తీయండి. ముక్కుతో ఊపిరి పీల్చమని, మధ్యలో ఒక కాలు ఎత్తి పట్టుకోమని చెబితే ధ్యాస మళ్లుతుంది. పై ట్రే వెనక నుంచి ముందుకు కూర్చోబెట్టండి, అదనపు మెటీరియల్ గొంతు వైపు కాకుండా పెదవి వైపు వస్తుంది. డోకు వస్తోంది కదా అని ట్రే వెనకంచు కోసెయ్యడం మాత్రం కూడదు. వెనక సీల్ లేని పై సెట్టు కదులుతూ అంగిలిని గిలిగింతలు పెట్టి అదే డోకును రోజూ తెప్పిస్తుంది.

ల్యాబ్‌కు వెళ్లేలోగా

పారే నీళ్లలో లాలాజలం, రక్తం పోయేలా కడిగాకే డిస్ఇన్‌ఫెక్టెంట్. ఆల్జినేట్‌కు, కాంపౌండ్‌కు సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, 0.5 శాతం, పది నిమిషాలు. ఆల్జినేట్‌ను అంతకుమించి నానబెట్టొద్దు. జింక్ ఆక్సైడ్ పేస్ట్‌కు 2 శాతం గ్లూటరాల్డిహైడ్ నప్పుతుంది.

కాస్ట్ పోసేముందు బాక్సింగ్ చేయండి. అంచు అడుగు నుంచి 3 మిల్లీమీటర్లు కిందగా బీడింగ్ మైనం చుట్టూ అతికించి, నాలుక జాగాను మైనం పలకతో మూసి, బయట బాక్సింగ్ మైనం గోడ కట్టి డెంటల్ స్టోన్ పోయాలి. కాస్ట్ అడుగు మందం అతి పలచటి చోట కూడా 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సిలికాన్‌కు మైనం అంటదు, దానికి ప్లాస్టర్, ప్యూమిస్ కలిపిన ముద్దలో ఇంప్రెషన్ కూర్చోబెట్టి బాక్సింగ్ చెయ్యడం తేలిక. గ్రీన్ స్టిక్ ఉన్న ఇంప్రెషన్‌ను స్టోన్ గట్టిపడ్డాక 60 డిగ్రీల నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాకే తీయండి. చల్లగా ఉండగా లాగితే రిడ్జ్ శిఖరం ట్రేతో పాటే వస్తుంది.

బాక్సింగ్ లేకుండా పోసి ట్రిమ్మర్ మీద పెడితే ముందు పోయేది సల్కస్ గుండ్రదనం. అక్కడ 3 మిల్లీమీటర్ల గట్టు మిగలాలని ల్యాబ్ స్లిప్ మీద రాసి పంపండి. లేకపోతే మీరు నాలుక చేత గీయించిన ఆ ఎస్ వంపు ట్రిమ్మర్ చక్రం దగ్గర అరిగిపోతుంది, సెట్టు వచ్చాక మళ్లీ మెటీరియల్‌నే అనుమానిస్తారు.